మూడు సీటీలు

ఆ రోజుల్లో ఎల్బీనగర్ దాటితే ఊరు అయిపోయినట్టే లెక్క. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి అవతలికి టికెట్ అడిగితే, కండక్టరు ఒకసారి మన మొహంలోకి చూసి మరీ చింపేవాడు. మన్సూరాబాద్ వైపు పొలాలన్నీ అప్పుడప్పుడే ప్లాట్లు అవుతున్నాయి. ఇళ్ళింకా లేవు గానీ ఇళ్ళ నంబర్లు మాత్రం వచ్చేశాయి. ఎటు చూసినా మోకాలెత్తు హద్దురాళ్ళు, వాటికి సున్నం, సున్నం మీద ఎర్రరంగు అంకె. పట్టపగలు వాటిని చూసి జనం మురిసిపోయేవాళ్ళు. చలికాలం పొద్దున్నే పొగమంచులో వాటి మధ్య నడిచే మాకు మాత్రం ఎవరెవర్ని ఇక్కడ వరసగా పాతిపెట్టారో అనిపించేది. ఇప్పుడక్కడ స్కూటర్ ఆపడానికి జాగా దొరకదు. అక్కడే నేను దయ్యానికి భయపడి పదకొండు రోజులు పరుగెత్తానంటే మా పిల్లలు నమ్మరు. (నమ్మకపోతే పోయారు, మీరైనా వినండి.)

నేనప్పుడు ఒక పైపుల ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాణ్ణి. పొద్దున ప్రాక్టీసు, పది తర్వాత ఫ్యాక్టరీలో పని, నెల కాగానే జీతం. బంతిని తన్నితే జీతమిస్తారన్న మాట నల్లగొండ దగ్గర మా ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. నేనేదో చెయ్యకూడని పని చేస్తూ అబద్ధం చెబుతున్నానని మా అమ్మ ఏడ్చింది కూడా. నాతోపాటు దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గదిలో ఉండేవాడు మా గోల్‌కీపర్. మనిషి ఆకారాన్ని బట్టి అందరూ వాణ్ణి ‘గోడ’ అనేవాళ్ళు. ఎంత పెద్ద ఒళ్ళో అంత మెత్తని మనసు. మేమిద్దరం క్యాజువల్‌గా చేరినవాళ్ళమే, పర్మనెంట్ కాలేదు. జట్టు ఆ ఏడాది ఫస్ట్ డివిజన్‌లో నిలబడితే పర్మనెంట్ చేస్తామన్నారు. కిందికి జారితే జట్టునే ఎత్తేసి క్యాజువల్ వాళ్ళను ఇంటికి పంపుతామన్నారు. ఇంటికి పంపితే నాకు పొలం ఉంది. గోడకు ఉన్నదల్లా వాళ్ళన్న లారీ మీద క్లీనర్ పని. ఆ అన్న చెయ్యి ఎలాంటిదో గోడ వీపు మీద మచ్చలు చూసినవాణ్ణి నేను.

మా కోచ్ పట్టాళంలో హవల్దారు చేసి వచ్చినవాడు. హవల్దార్ సార్ అనేవాళ్ళం. ఆయన నోరు విప్పడం తక్కువ, మెడలో ఇత్తడి సీటీ చాలు. ఒక సీటీ కొడితే ఆగాలి. రెండు కొడితే మొదటి నుంచి మళ్ళీ చెయ్యాలి. మూడు కొడితే మాత్రం ఎవరు ఏం చేస్తున్నా వదిలేసి, దూరంగా కడుతూ కడుతూ వదిలేసిన నీళ్ళ ట్యాంకు దాకా ఉరికి తిరిగి రావాలి. అందరూ కాదు సుమా. తప్పు చేసినవాడు తప్ప మిగతా పదిమంది. తప్పు చేసినవాడు ఉన్నచోటే నిలబడి, మిగతావాళ్ళు తన కోసం ఒగర్చడం చూడాలి. "నిలవడు. నీ తప్పుకు వీళ్ళ ఊపిరితిత్తులు ఎట్ల కొట్టుకుంటున్నయో కండ్లార చూడు" అనేవాడు మెల్లగా. గట్టిగా తిడితే ఇంత భయం ఉండేది కాదేమో.

పాపం, గోల్‌కీపర్ తప్పులే అందరికీ కనిపిస్తాయి. అందుకని రోజూ నిలబడేది గోడే. నెల తిరిగేసరికి జట్టులో వింత జబ్బు మొదలైంది. ఎవడూ బంతి అడగడు. వచ్చిన బంతిని నిప్పుకణికలా పక్కవాడికి తోసేస్తాడు, పక్కవాడు ఇంకొకడికి. (ఒక మ్యాచ్‌లో మా సెంటర్ ఫార్వర్డ్ ఎదుటి జట్టువాడికే చక్కగా పాస్ ఇచ్చి, అమ్మయ్య అని ఊపిరి పీల్చుకోవడం నేను కళ్ళారా చూశాను.) వరసగా అయిదు మ్యాచ్‌లు ఓడిపోయాం. గోడతో అందరూ మాట్లాడడం మానేశారు. గదికి వచ్చాక వాడు నాతో మాట్లాడడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని, "నా వల్లనే గదరా" అని ఒక్క మాట అని, చెయ్యి కడుక్కునేవాడు.

అట్లాంటి సమయంలో హవల్దార్ సార్‌కు పచ్చకామెర్లు వచ్చి పెద్ద దవాఖానలో చేరాడు. సిగ్గుపడాల్సిన మాటే గానీ చెబుతాను, ఆ కబురు విని మేం మిర్చిబజ్జీలు తిన్నాం. మర్నాడు పొద్దున గ్రౌండుకు నవ్వుకుంటూ వచ్చాం. మంచు దట్టంగా ఉంది, ఒక గోలు నుంచి రెండో గోలు కనపడదు. మా కెప్టెన్, పెద్దవాడు కనుక అందరం కాక అని పిలిచేవాళ్ళం, బూట్లు కట్టుకుంటూ "ఇయ్యాల ఎవనికి ఎట్ల కొడితే గట్ల ఆడుర్రి" అన్నాడు. బంతి లేచింది. గోడ చేతుల్లోంచి జారింది. అప్పుడు, మంచులో ట్యాంకు వైపు నుంచి, సీటీ మోగింది. ఒకటి. కాస్త ఆగి రెండు. ఇంకాస్త ఆగి మూడు.

పదిమందిమీ ఉరికాం. ఎవరూ ఎవర్నీ చూడలేదు, ఎందుకని అడగలేదు. కాళ్ళు వాటంతట అవే లేచాయి. ట్యాంకు తాకి తిరిగి వచ్చేసరికి గోడ గోల్ దగ్గర చేతులు కట్టుకుని బిగుసుకుపోయి నిలబడి ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఊదినవాడు ఎవడని. చుట్టూ తెల్లరాళ్ళు తప్ప మనిషి లేడు. "విన్నరా?" అన్నాడు కాక. విన్నాం. పైగా ఆ సీటీ మామూలుగా లేదు. బొంగురుగా, తడితడిగా, చివర్లో నీరసంగా తగ్గిపోయింది. కామెర్లు ముదిరిన మనిషి ఊదితే ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. సరిగ్గా అదే వేళకు మూడు. తప్పు జరిగినా జరగకపోయినా మూడు. ఉరక్కుండా ఉందామని ముందురోజు ఒట్టు పెట్టుకునేవాళ్ళం, తీరా మోగగానే ట్యాంకు దగ్గర తేలేవాళ్ళం. పదో రోజున కాక మమ్మల్ని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి, "సార్ పోయిండేమోరా. పానం పోయినా ప్రాక్టీసు ఇడిశిపెట్టలేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఉన్నాడో లేడో చూసి రమ్మని గోడను, నన్ను పంపారు. (చిన్నవాళ్ళం కదా, దయ్యం మమ్మల్ని ఏమీ చెయ్యదని కాక వాదన.)

దవాఖానలో పొడుగాటి వార్డు. చివరి మంచం ఆయనదన్నారు. వెళ్ళి చూస్తే మంచం ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి, దాని మీద కళ్ళజోడు. గోడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్ళు తెల్లబడ్డాయి. వెనక నుంచి "ఏందిరా, మీరిద్దరు?" అని వినబడితే నేను గోడ వెనక్కి, గోడ నా వెనక్కి దూకబోయి ఇద్దరం ఢీకొన్నాం. చూస్తే హవల్దార్ సారే. లుంగీ, పసుపుపచ్చని మొహం, గుంటలు పడ్డ కళ్ళు, బాత్‌రూమ్ నుంచి మంచాలు పట్టుకుంటూ వస్తున్నాడు. మెడలో సీటీ లేదు. నేను చూస్తున్నది గమనించి, "నర్సమ్మ గుంజుకున్నది. నీళ్ళు కావాలంటే సీటీ కొడుతున్ననట" అన్నాడు కోపంగా.

అంటే సీటీ నర్సమ్మ సొరుగులో ఉంది. మరి అక్కడ మోగుతున్నదేమిటి? నా నోరు ఆగలేదు, అంతా చెప్పేశాను. ఆయన మంచం మీద కూర్చుని విన్నాడు.

"ఎన్ని?"

"మూడు సార్."

"ఎవలు లేకున్నా ఉరికిన్రా?"

"రోజూ ఉరికినం సార్."

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం మాత్రం పాలిపోయింది. "పట్టాళంల మా ఉస్తాద్ ఒకడుండె. ఆయన సచ్చి ఇరవై ఏండ్లాయె. నాకిప్పటికీ తెల్లారంగ ఆయన సీటీ ఇనవడ్తది. లేచి నిలవడ్త" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, "నువ్వు గూడ ఉరికినవా?" అన్నాడు. గోడ తల వంచుకుని, "లేదు సార్. నేను నిలవడ్డ" అన్నాడు. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. బస్సులో వస్తూ నేను అన్న ఒకే మాట, "ఆయన కాదు" అని. అది ఇంకా భయంగా ఉంది.

పదకొండో రోజు మంచు మరీ దట్టం. సీటీ మోగింది. మిగతావాళ్ళు ఉరికారు, నేనూ పది అడుగులు వేశాను. వెనక్కి తిరిగి చూస్తే గోడ తన చోట లేడు. రోజూ నిలబడేవాడు గనుక, ఆ చప్పుడు వస్తున్నది ట్యాంకు నుంచి కాదనీ, ట్యాంకుకు తగిలి వెనక్కి వస్తోందనీ వాడొక్కడికే తెలిసింది. చెవిన పడగానే ఉరికే మాకు అది ఎటు నుంచి వస్తోందో ఏం తెలుస్తుంది. వాడు రాళ్ళ మధ్య నుంచి అవతలికి నడిచి పోతున్నాడు. వాడి వెనకే వెళ్ళాను. నూటపన్నెండు, నూటపదమూడు, నూటపద్నాలుగు, అలా నంబర్లు దాటుతూ. మంచులోంచి సున్నమైనా వెయ్యని గోడలు లేచాయి. కట్టడం ఆపేశారని మేమనుకున్న ఇల్లు అది. గుమ్మానికి మామిడాకులు ఎండి ఉన్నాయి. వంటింటి కిటికీలో లాంతరు వెలుగు. లోపల స్టవ్ మీద, ఆవిరి కక్కుతూ, ప్రెషర్ కుక్కర్.

"ఎవరు బాబూ? పాలవాళ్ళా?" అంది లోపలి నుంచి ఒకావిడ. మాట కోస్తా మాట. కరెంటైనా రాకముందే గృహప్రవేశం చేసి దిగిపోయారట, సార్ దవాఖానలో చేరిన రోజునే. నేను నోరు తెరిచి, "మూడు... రోజూ మూడు..." అన్నాను. "కందిపప్పుకి మూడు విజిల్స్ రావద్దూ మరి? మావారు ఫస్టు బస్సుకి వెళ్ళాలి కదా. మీరే కదూ, నా కుక్కర్ కూయగానే గుంపుగా పరిగెడుతుంటారు? ఎంత టైము తప్పని పిల్లలో అని మావారు రోజూ మెచ్చుకుంటారు" అంది. మేం సీటీ అనేదాన్నే ఆవిడ విజిల్ అంటోంది. గోడ కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. వాడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. రెండు నెలల తర్వాత వాడి నవ్వు వినడం నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మేం తిరిగి వచ్చేసరికి జట్టంతా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒగరుస్తోంది. గోడ నడుం మీద చేతులు పెట్టుకుని, "పప్పు ఉడికింది. దించుర్రి" అన్నాడు. విషయం చెప్పాక కాక నేల మీద కూలబడి దొర్లాడు. ఆ రోజు నుంచి ఎవడు బంతి జారవిడిచినా "ఉడకలే, ఇంకో సీటీ రానీ" అనేవాళ్ళం. నవ్వడం మొదలయ్యాక బంతి అడగడం కూడా మొదలైంది.

చివరి మ్యాచ్‌కు హవల్దార్ సార్ వచ్చాడు, మెడలో సీటీతో. ఆ మ్యాచ్ డ్రా అయితే చాలు, జట్టు బతుకుతుంది. ముప్పావు వంతు ఆట అయ్యేసరికి గోడ ముందు బంతి ఒకసారి నేలకు తగిలి, వాడి చేతుల కింద నుంచి గోల్లోకి పోయింది. సార్ చెయ్యి గుండెల మీది సీటీకి పోయింది. మ్యాచ్‌లో ఊదడానికి వీల్లేదు గానీ, ఆయన దాన్ని పెదాల మధ్య పెట్టుకున్నా చాలు మాకు. మా పదిమందిమీ ఆ హద్దురాళ్ళలాగే ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయాం. అప్పుడు గోడ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి గోల్ నుంచి అరిచాడు: "సార్, జర ఆగుర్రి. పప్పు ఇంక ఉడకలే."

కుక్కర్ సంగతి కాక అప్పటికే ఆయనకు చెప్పేశాడట. సీటీ నోట్లో ఉండగానే ఆయనకు నవ్వొచ్చింది. ఊదింది కాదు, నవ్వుకు అదే ‘తుర్ర్’మంది. రిఫరీ వెనక్కి తిరిగి చూశాడు. ఆయన సీటీ తీసి జేబులో వేసుకున్నాడు. అయిదు నిమిషాల్లో మా సెంటర్ ఫార్వర్డ్, అదే ఎదుటివాళ్ళకు పాస్ ఇచ్చినవాడు, "నాకియ్యిరా, నాకియ్యి" అని గొంతు చించుకుని బంతి అడిగి మరీ గోలు కొట్టాడు. చివరి నిమిషంలో గోడ పక్కకు దూకి ఒకటి ఆపాడు. వాడు పర్మనెంట్ అయ్యాడు, నేనూ అయ్యాను. లారీ వాళ్ళన్నే కడుక్కున్నాడు.

ఇప్పుడు మేం ఉండేది వనస్థలిపురంలో. మొన్న చలికాలం పొద్దున పేపర్ చదువుతూ కూర్చున్నాను, బయట మంచు. వంటింట్లో కుక్కర్ మొదటిసారి కూసింది, రెండోసారి కూసింది. మూడోది వచ్చేసరికి పేపర్ ఎక్కడో, నేనెక్కడో. మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి లేచి నిలబడి ఉన్నాను. ఇది ఈ రోజు సంగతి కాదు, ముప్పై ఏళ్ళుగా ఇంతే. లేచి నిలబడ్డాక ఊరికే ఉంటే బాగుండదు గనుక వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపి వస్తాను. మా ఆవిడ వీధిలో అందరికీ చెప్పుకుంటుంది, "మా ఆయన ఎంత మంచోడంటే, మూడో సీటీకి నేను పిలవకున్న లేచి ఒస్తడు" అని. హవల్దార్ సార్ ఊదుతున్నాడని ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.