పండగకు ముందు పెట్టిన పువ్వు

మొన్న ఖరిదా బజార్లో ధూపానికి గుగ్గిలం కొని, పొట్లం విప్పి వాసన చూశాను. ఆ వాసనకి అందరికీ దేవుడు గుర్తొస్తాడు. నాకు మాత్రం నేను చేసిన వెధవపని గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో ఉన్న రోజుల్లో సాల్ అడవి పక్క సంతాల్ గిరిజనుల ఊరినుంచి ఒకావిడ విస్తళ్లు తెచ్చేది. ఇంటిల్లిపాదీ ఆకుల దీదీ అనేవాళ్లం. చలికాలం రాగానే సాల్ చెట్టు కార్చిన గుగ్గిలం కూడా ఆకులో చుట్టి తెచ్చేది. అమ్మ దాన్ని నువ్వుల నూనెలో కరిగించి, వర్క్‌షాపులో రోజంతా నిలబడే నాన్న మడమల పగుళ్లకు రాసేది. ఆ నాలుగు నెలలూ నాన్న కాళ్లు చాపితే ఇల్లంతా కోవెల వాసన. చిన్నప్పుడు నాకు జిగట విరేచనాలు పట్టుకుంటే, ఆ చెట్టు బెరడుతో కషాయం కాచి తాగించింది కూడా దీదీయే.

నాకు పందొమ్మిదేళ్లు వచ్చాయి, తెలియనిదంటూ లేని వయసు. ఫాల్గుణంలో కాలేజీవాళ్లతో అడవికి పిక్నిక్ వెళ్లి, సాల్ పూల గుత్తులు ఒడినిండా తెచ్చుకున్నాను. మర్నాడు దీదీ వచ్చింది. ముత్తైదువని పువ్వు పెట్టకుండా పంపడం మా ఇంట్లో లేదు. నేనొక గుత్తి తుంచి కొప్పు దగ్గరికి తీసుకెళ్తే వెనక్కి జరిగింది.

“ఎఖన్ నా. బాహా హోక్,” అంది. ఇప్పుడు కాదు, మా బాహా పండగ కానివ్వు అని.

తనని ముట్టుకుంటే మైలనుకుంటామని మొహమాటపడుతోంది కాబోలనుకున్నాను. వంటింట్లోంచి అమ్మ, “వద్దంతంది కదే, ఏటే నీ మొండి?” అంది.

“మనకాడ అలాటివేటీ నేవని తెలవాలి కదమ్మా,” అని, నా గొప్పబుద్ధికి నేనే మురిసిపోతూ బలవంతంగా గుచ్చేశాను. దీదీ పువ్వు తీసి గుమ్మం పక్కన పెట్టి, విస్తళ్ల కట్ట దించి వెళ్లిపోయింది.

తర్వాత నెల విస్తళ్లు ఆమె చెల్లెలు తెచ్చింది. అక్క ఏదని అమ్మ అడిగితే చెప్పింది. పూజారి దేవతలకి సమర్పించేదాకా వాళ్ల ఆడవాళ్లు సాల్ పువ్వు పెట్టుకోరు. పండగనాడు పూజారి ఇచ్చే పువ్వుకి అందరూ కొంగు పడితే, దీదీ పట్టలేదట. తను ముందే పువ్వు పెట్టుకున్నానని చెప్పి దూరంగా నిలబడిందట. ఎవరు పెట్టారో మాత్రం ఎవరికీ చెప్పలేదట. అమ్మ నావైపు చూసింది. నేను విననట్టు పుస్తకంలో తల దూర్చాను.

చలికాలానికి నాన్న మడమలకి గుగ్గిలం పట్టుకుని దీదీయే వచ్చింది. “నీ కోసం అడుగుతంది, రాయే,” అని అమ్మ పిలిచింది. నేను వెనకగదిలోంచి కదల్లేదు. తర్వాతి వేసవిలో నాన్న రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి ఖరిదా వచ్చేశాం. ఆమె అసలు పేరేమిటో కూడా నేనెప్పుడూ అడగలేదు.

ఆ రోజు వెనకగదిలో కూర్చుని, వచ్చే చలికాలం తప్పయిందని చెబుదాంలే అనుకున్నాను. చలికాలాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.