మాల వేసిన లాడ్జిలో సొరచేప

కామేశ్వరమ్మ టీచరుకి కోపం వచ్చిందంటే పోర్ట్‌బ్లెయిర్ ఆస్టినాబాద్‌లో కుక్కలు కూడా రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాయని ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కుక్కల సంగతేమో కానీ మనుషులు నడవడం మాత్రం నిజం. ఆమె కోపం ఊరికే వచ్చేది కాదు. పని చేస్తానని చెయ్యకపోతే వస్తుంది, అరకొరగా చేసి చేశానంటే ఇంకా వస్తుంది. నోరులేని జీవం కడుపు మాడిస్తే ఇక ఆ కోపానికి హద్దుండదు.

వాళ్ల నాన్న సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చి పోర్ట్‌బ్లెయిర్ పక్కనున్న బాంబూఫ్లాట్‌లో స్థిరపడిన వడ్రంగి. తల్లి పోయేనాటికి తమ్ముడు గిరిధర్‌కి నిక్కరు బొత్తాం పెట్టుకోవడం కూడా రాదు. వాణ్ణి ఆమే పెంచింది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఒకడి ముక్కు తుడవడంతోనే సరిపోయింది, ఇంకోడి ముక్కు ఎక్కడ తుడవను?" అనేది. తెలుగు మీడియం బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. ఆ ముక్కు తుడిపించుకున్నవాడు పెద్దవాడై, కాంట్రాక్టులు చేసి, పోర్ట్‌బ్లెయిర్‌లో కింద హోటలు, పైన గదులు ఉన్న లాడ్జి కట్టాడు. ఆ లాడ్జి అంటే ఆమెకి గర్వం. ఆ మాట వాడి ముందు ఏనాడూ అనలేదు.

సొరచేప సంగతికొస్తే, అది బడిలో పుట్టింది. బాంబూఫ్లాట్‌లో ఎవరో వల దులుపుతుంటే నాచుతోపాటు తోలు సంచిలాంటి గుడ్డు పడింది. టీచరు దాన్ని తెచ్చి క్లాసులో గాజు తొట్టిలో పెట్టింది. కొన్నాళ్లకి అందులోంచి చారలచారల పిల్ల బయటికొచ్చింది. పెరిగినా చెయ్యి పొడవు మించని చిన్న జాతి సొర అది. సముద్రంలో వదిలేద్దామంటే క్లాసు క్లాసంతా ఏడ్చింది. ఏడ్చినవాళ్లలో తనూ ఉందని ఆమె ఒప్పుకోదు. దానికి ముత్యాలు అని పేరు పెట్టారు. రిటైరైనప్పుడు సన్మానంలో ఇచ్చిన శాలువా బడిలోనే మర్చిపోయింది కానీ ముత్యాలుని మాత్రం తొట్టితో సహా ఇంటికి తెచ్చుకుంది. ఊరి మురుగు కలవని తీరానికి ఆటోలో పోయి, క్యాన్లతో సముద్రపు నీళ్లు తెచ్చి పోసేది. కానాగంత చేపలు చిన్న ముక్కలు కోసి పెట్టేది. ఆమె అడుగు చప్పుడు వింటే ముత్యాలు పైకి వచ్చేది.

అలా ఉండగా ఆమె గొంతులో గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు, చెన్నై వెళ్లి తీయించుకోవాలన్నారు. పరీక్షలు, ఆపరేషను, విశ్రాంతి కలిసి చాలా రోజులు పట్టేట్టు ఉండటంతో ముత్యాలుని తమ్ముడికి అప్పగించింది. "నీళ్లు మారుస్తూ ఉండు, అంతే" అంది. గిరిధర్ అంతతో ఆగితే ఈ కథ లేదు. లాడ్జి వరండాలో గోడంత తొట్టి కట్టించాడు. నీళ్లు అద్దంలా మెరవాలని ఓజోను మిషను పెట్టించాడు. సముద్రపు నీళ్లయితే నలకలుంటాయని, చెన్నై నుంచి ఓడలో ఉప్పు పొడి ప్యాకెట్లు తెప్పించి కుళాయి నీళ్లలో కలిపించాడు. నాలుగు పక్కలా సముద్రం. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊరు. అక్కడ కుళాయి నీళ్లు పట్టి, ఓడలో ఉప్పు తెచ్చి, సముద్రం తయారుచేశాడు మహానుభావుడు.

చెన్నై నుంచి తిరిగొచ్చి ఆ తొట్టి ముందు నిలబడ్డ కామేశ్వరమ్మ ముందు ముత్యాలుని పోల్చుకోలేకపోయింది. దవడ కింద నిమ్మకాయంత వాపు. పెట్టిన ముక్కని నోట్లోకి తీసుకుంటోంది, మింగలేక ఉమ్మేస్తోంది. ఆమె చెయ్యి దానంతటదే తన గొంతు మీది కుట్ల దగ్గరికి పోయింది.

పశువుల డాక్టరు వాసవి వచ్చి చూసింది. ఆవుల్నీ మేకల్నీ చూసే పిల్ల. అయినా తెలియని చోట తెలుసని అనలేదు. సొరచేపల వైద్యం తెలిసిన తన ప్రొఫెసరుకి ఫోన్లో వాపు చూపించి, మాట్లాడి, అప్పుడు చెప్పింది.

"గాయిటరండీ మేడమ్. మనకిలాగే దీనికీ థైరాయిడ్ ఉంటుంది, దానికి అయోడిన్ కావాలి. సముద్రంలో అయితే నీళ్లలోనే దొరుకుతుంది. ఇక్కడ ఓజోను దాన్ని పనికిరాకుండా చేస్తోంది, నీళ్లలో పేరుకున్న వ్యర్థం ఒంటికి పట్టనివ్వట్లేదు."

"నేను వేసుకునే మాత్ర వెయ్యొచ్చా?"

"వద్దు మేడమ్, అది వేరే. నేను దీని బరువుని బట్టి అయోడిన్ మందు ఇస్తాను, చేప ముక్కలో పెట్టి పెట్టండి. మిషను బంద్. అసలు సముద్రపు నీళ్లు పోస్తూ కొద్దికొద్దిగా మార్చండి. ఇప్పుడు సముద్రంలో వదిలినా వేటాడుకోలేదు. చూసుకుంటే తగ్గుతుంది. లేదంటే ఆ గడ్డే గొంతుకి అడ్డం పడి, తిండి లేక పోతుంది."

తమ్ముడు ఆ రోజు పక్కనే ఉన్నాడు. నీళ్లు మసకబారితే గెస్టులు ఏమనుకుంటారోనని గొణిగాడు. అక్క ఒక్క చూపు చూసింది. మిషను ఆగింది, నీళ్లు వచ్చాయి, మందు మొదలైంది. వాపు ఇంకా తగ్గలేదు కానీ ముత్యాలు రెండు మూడు ముక్కలు మింగడం మొదలుపెట్టింది. అంతలో ఆమె మళ్లీ చెన్నైలో చూపించుకోవాల్సి వచ్చింది. "ఒరే గిరీ, ఇది నా ప్రాణంరా" అని చెప్పి మరీ వెళ్లింది. అంత మెత్తగా ఆమె ఎవరితోనూ మాట్లాడి ఎరగదు.

ఈసారి విమానం దిగి ఇంటికి పోకుండా నేరుగా లాడ్జికే వచ్చింది. గుమ్మానికి మామిడి తోరణాలు. లోపల అగరొత్తుల పొగ. నల్లబట్టలు కట్టుకుని, మెడలో మాల, నుదుటిన గంధంతో ఎదురొచ్చాడు గిరిధర్. అయ్యప్ప దీక్ష తీసుకున్నాడు. కొంగు నడుముకి చుట్టుకుని వంగి, తాను పెంచిన తమ్ముడి కాళ్లకి దణ్ణం పెట్టింది. మాలలో ఉన్నవాడు ఎవరికైనా స్వామే. పేరు పెట్టి పిలవకూడదు, నువ్వు అనకూడదు, తిట్టకూడదు. ఈ మూడూ లేకుండా తమ్ముడితో మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు.

"రండి మాతా" అన్నాడు తమ్ముడు.

ఆమె తొట్టి వైపు చూసింది. తొట్టికి బంతిపూల దండ వేసి ఉంది. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. మిషను బుడబుడలాడుతోంది. ముత్యాలు ఒక మూల అడుగున పడుకుని ఉంది, ఆమె అడుగు చప్పుడుకి కదల్లేదు. వాపు పెద్దదైంది. దాని చుట్టూ తెల్లగా, చతురస్రంగా ముక్కలు పడి నానిపోతున్నాయి.

"అవేంటి?" అంది.

వంటవాడు తాతబ్బాయి చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "పనీరండమ్మగారూ. మాలేసినకాణ్ణుంచీ సేప గడప దాటకూడదన్నారు స్వామి. మందు మాత్రం ఒక్కనాడూ మాన్లేదండి. పనీర్లో ఎట్టి ఏస్తన్నాం. నీలు పాడైపోతన్నాయని మిషనెట్టేశాం."

కామేశ్వరమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. సొరచేపకి పనీరు! మందు మానలేదట! తొట్టికి పూలదండ ఒకటి!

"స్వామీ," అంది పళ్లు బిగపట్టి, "తమరు దీక్ష పట్టారు, సంతోషం. ముత్యాలు ఎప్పుడు పట్టింది స్వామీ? దాని మెడలో మాల ఎవరు వేశారు? తమరు పుణ్యం కట్టుకోండి, దాన్ని మాత్రం ఉపవాసంతో చంపండి. చాలా బాగుంది స్వామీ, తమ మొహంలా ఉంది!"

భిక్షకి వచ్చిన స్వాములు చేతుల్లో విస్తళ్లతో నిలబడిపోయారు. ఒకాయన మెల్లగా అన్నాడు. "మాతా, శాంతి. స్వామితో అలా మాట్లాడకూడదు."

"భాయ్‌సాబ్, ఆప్ ఛోడియే, మీరు ఊరుకోండి" అంది ఆయనతో. మళ్లీ తమ్ముడి వైపు తిరిగింది. ఇక ఆమె వల్ల కాలేదు. "ఒరే గిరీ! చెప్పి వెళ్లాను కదరా! లాడ్జిలో చేప ముక్క పెట్టకూడదంటే దాన్ని నా ఇంటికి పంపలేకపోయావా? డాక్టరుకి ఒక్క ఫోను చెయ్యలేకపోయావా? నీ లాడ్జి మెరవాలి, నీ దీక్ష మెరవాలి, నీ నీళ్లు మెరవాలి. అది ఏమైతే నీకేం?"

గిరిధర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్కా," అన్నాడు, మాత అనడం మర్చిపోయి. "ఈ మాల నీకోసమే. నీ ఆపరేషను రోజు మొక్కుకున్నాను. గడ్డ క్యాన్సరు కాదని తేలితే కొండకి వస్తానని. అందుకే నియమం ఎక్కడా తప్పకూడదనుకున్నాను."

ఆమె చెయ్యి మళ్లీ గొంతు మీదికి పోయింది. ఇంత ప్రేమ ఉన్న వెధవకి ఇంత బుర్ర ఎందుకు లేకుండా పోయిందో ఆమెకి అర్థం కాలేదు. తనని చూస్తే తనకే కోపం వచ్చింది, ఎందుకంటే వీణ్ణి పెంచింది తనే. ఆ కోపం కూడా కలిసి మొత్తం వాడి మీదే పడింది.

"నా గొంతు బాగుపడాలని దాని గొంతు నులుముతావురా? ఏ దేవుడు అడిగాడురా నిన్ను? ఆయన పులి మీద కూర్చుంటాడు. ఆ పులికి పనీరు పెట్టాడా?"

ఎవరూ నవ్వలేదు. తాతబ్బాయి మాత్రం తల దించుకున్నాడు.

"టబ్బు తే" అంది. తాతబ్బాయి తొట్టిలో నీళ్లే టబ్బులో నింపి, వలతో ముత్యాలుని అందులోకి దింపాడు. "ఎత్తు" అంది తమ్ముడితో. గిరిధర్ స్వాముల వైపు చూశాడు, నీళ్లలో చేపని చూశాడు. తర్వాత చెప్పులు లేని కాళ్లతో, నల్లపంచె ఎగ్గట్టి, టబ్బు ఎత్తి ఆటో దాకా మోశాడు. సిమెంటు నేల ఎండకి కాలిపోతోంది. అతను కాళ్లు ఎత్తెత్తి వెయ్యడం చూసి కూడా ఆమె నెమ్మదిగా నడవమని అనలేదు. ఆస్టినాబాద్ ఇంట్లో బడి నాటి పాత తొట్టి కడిగి ముత్యాలుని దించింది.

మర్నాడు తెల్లారేసరికి గేటు బయట నాలుగు క్యాన్ల సముద్రపు నీళ్లు ఉన్నాయి. పక్కన గిరిధర్, చన్నీళ్ల స్నానం చేసిన తడి జుట్టుతో. లోపల చేప కోస్తారు కనుక అతను గేటు దాటడు. ఆమె చేప కోసిన చేత్తో అతని దగ్గరికి పోదు. ఇద్దరి మధ్య కిటికీ. రోజూ ఇదే తంతు. నీళ్లు వచ్చాయా అని ఆమె లోపల్నుంచి అరిచేది, "వచ్చాయి మాతా" అని అతను అరిచేవాడు. ఆ కిటికీలోంచి ఆమె రోజూ తిట్టింది, మర్యాదగా, స్వామీ అంటూనే తిట్టింది. పనీరు గురించి తిట్టింది, మిషను గురించి తిట్టింది, చిన్నప్పుడు బాంబూఫ్లాట్‌లో పోగొట్టిన గొడుగు గురించి కూడా తిట్టింది. గిరిధర్ నిలబడి విని, ఖాళీ క్యాన్లు తీసుకుని పోయేవాడు. వాసవి వచ్చి మందు సరిచూసి, "ఇక మనం చెయ్యగలిగింది చేశాం మేడమ్, అది తినాలి" అని వెళ్లింది. ముత్యాలు ముక్కని నోట్లోకి తీసుకునేది, కాసేపు ఉంచుకుని వదిలేసేది. అది చూసిన ప్రతిసారీ కామేశ్వరమ్మకి ఏడుపొచ్చేది. ఏడవడం చేతకాక కిటికీ దగ్గరికి పోయి ఇంకో విడత తిట్టేది.

అతను ఇరుముడి కట్టుకునే రోజు దగ్గరపడింది. ఒక పొద్దున క్యాన్లు దించి, గేటు బయట నుంచే అడిగాడు.

"మాతా, కొండ మీద ముత్యాలు కోసం కూడా మొక్కుకోనా?"

"వద్దు స్వామీ! మీరు మొక్కినకొద్దీ ఇక్కడ ఒక్కొక్కళ్లూ చస్తున్నారు!" అని అరుస్తూనే ఆమె ముక్కని తొట్టిలోకి దించింది. ముత్యాలు దాన్ని పట్టుకుంది. దవడ ఆడింది. ఆగింది. అది ముక్కని వదిలేసే క్షణం కోసం ఆమె చూసింది. ముక్క బయటికి రాలేదు. ముత్యాలు పైకి లేచి, ఇంకోటి కావాలన్నట్టు ఆమె వేళ్ల దగ్గరికి మూతి పెట్టింది.

"ఒరే గిరీ!" కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. "మింగిందిరా! ఒరే, మింగింది!"

పక్కింటివాళ్లు తలుపులు తీశారు. మాలలో ఉన్నవాణ్ణి ఆ మనిషి ఏకంగా పేరు పెట్టి రోడ్డంతా వినబడేట్టు పిలుస్తోంది. గేటు బయట గిరిధర్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఏడిచింది చాలు," అంది కామేశ్వరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు కొండకి పోతే నీళ్లు తెమ్మని తాతబ్బాయికి చెప్పి చావు. రేపు రెండు క్యాన్లు ఎక్కువ తే."