సబ్బు డబ్బాలో కీచురాయి

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి మిగిలిన సగాన్నే నమ్మాలని మా ఇంట్లో ఒక లెక్క ఉంది. మా ఆవిడ పెట్టిన లెక్క అది. దయచేసి ఇక్కడ దాన్ని వాడకండి. ఈ ఒక్క సంగతి జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. బండ సైజు విషయంలో మాత్రం ముందే ఒప్పుకుంటాను. ఇన్నేళ్లుగా ఏడు ఏనుగులంత ఉండేదని చెప్తూ వచ్చాను. మూడు ఏనుగులంత ఉండేది.

తొంభైల చివరి సంవత్సరాలు. మాదాపూర్ దాటాక ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు రాళ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య తీరిగ్గా తిరిగే బర్రెలు ఉండేవి. నేను పెళ్లి వీడియోలు తీసేవాణ్ణి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కెమెరాకీ నాకూ పనుండదు. ఆ నెలలోనే ఒక కంపెనీ సైటులో పని దొరికింది. ఆఫీసు కట్టబోయే స్థలంలో బండల్ని మందు పెట్టి పేల్చేవాళ్లు. అది వీడియో తీయాలి. పేలుడు ఒక్కటే తీస్తే చాలదు. జనాన్ని దూరం పంపడం, ఎర్రజెండాలు పాతడం, విజిల్ వేయడం, వత్తి అంటించడం, చివరికి పేలడం, అంతా ఎక్కడా ఆపకుండా ఒకే షాటులో ఉండాలి. ఎవరికీ దెబ్బ తగలకుండా పని జరిగిందని బొంబాయిలో ఉన్న పెద్దాఫీసుకి అదే రుజువు.

పెళ్లిలో తలంబ్రాలు తప్పిపోతే మళ్లీ పోయించవచ్చు. నేను పోయించాను కూడా, ఒకసారి పెళ్లికొడుకుని భోజనం మధ్యలో లేపి. బండ మాత్రం ఒక్కసారే పేలుతుంది.

నా కెమెరా భుజం మీద పెట్టుకునే పాత రకం, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. దాని బ్యాటరీ ఇటుకంత ఉండేది. బ్యాటరీ తగ్గితే కన్ను పెట్టి చూసే గొట్టంలో ఎర్ర దీపం వెలగాలి. ఆ దీపం నా చేతికి రాకముందే కాలం చేసింది. ఇంకెంతసేపు నడుస్తుందో అలవాటు కొద్దీ అంచనా వేసుకునేవాణ్ణి. సైటులో మొదటి బండ రోజునే ఆ అంచనా తప్పింది. మందు పెట్టే మేస్త్రీ వత్తి అంటించి పరుగెత్తుకొస్తున్నాడు. ఉన్నట్టుండి నా కంటి ముందు చీకటి. కళ్లు పోయాయనుకున్నాను. ఆ చీకట్లోనే 'ధడ్' మని వినిపించింది. టేపు వేసి చూస్తే మేస్త్రీ పరుగు వరకే ఉంది.

సైటు ఇంజినీరుది ఏలూరు వైపు. గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి.

"బ్యాటరీ అయిపోయిందంటారు?"

"అవును సార్. నిజం."

"పోయిన వారం ఆలస్యంగా వచ్చినప్పుడు దారిలో చిరుతపులి అడ్డమొచ్చిందన్నారండి. అదీ నిజమనే అన్నారు."

ఆ చిరుతపులి నిజానికి ఒక కుక్క. కాస్త పొడుగాటి కుక్క.

"శుక్రవారం పెద్ద బండ పేలుస్తున్నాం," అన్నాడాయన. "అదీ తప్పిపోతే మీరు పెళ్లిళ్లకే వెళ్లిపోండి. కోపంతో అనడం లేదండి, నాకూ పైన సమాధానం చెప్పుకోవలసినవాళ్లున్నారు."

పని పోతుందన్న బాధ ఒకెత్తు. నేను చెప్పిన వెయ్యి కోతల్నీ నవ్వుతూ విన్న మనిషి, ఒక్క నిజం చెబితే నమ్మలేదు. అది ముల్లులా గుచ్చుకుంది.

వయసులో ఉన్నప్పుడు టీవీలు బాగుచేయడం నేర్చుకున్నాను. ఆ చదువు మిగిలే ఉంది. కోఠీకి వెళ్లి ఒక జీనర్ డయోడు, రెండు ట్రాన్సిస్టర్లు, కొన్ని రెసిస్టర్లు, స్క్రూతో తిప్పి సరిచేసుకునే ప్రీసెట్ ఒకటి, చిటికెన వేలి గోరంత బజరు కొన్నాను. బాలానగర్‌లో లేత్ మిషన్లు పెట్టుకున్న నా దోస్తు షెడ్డులో ఒక మూల కూర్చున్నాను. ఉపాయం చిన్నదే. బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపు మొదటి ట్రాన్సిస్టరు రెండోదాని నోరు మూసి ఉంచుతుంది. వోల్టేజీ ఒక గీత కిందికి దిగితే మొదటిది చేతులెత్తేస్తుంది, రెండోది బజరును అరిపిస్తుంది. ఆ గీత ఎక్కడుండాలో స్క్రూ తిప్పి నేను చెప్పాలి. సామానంతా ఒక సబ్బు డబ్బాలో సర్దాను.

కెమెరాకు తగిలించి జూమ్ నొక్కానో లేదో 'కీ' మంది. నిండు బ్యాటరీ! మళ్లీ నొక్కాను, మళ్లీ 'కీ'. దోస్తు లేత్ ఆపి మరీ వచ్చాడు.

"అన్నా, నువ్వు చేసిన డబ్బ గూడ నీ లెక్కనే ఉన్నదే! ఏం లేకున్నా ఊకె ఒర్రుతది. దీన్ని నమ్మెటోడెవడు?"

అతను నవ్వుతూ లేత్ దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు నవ్వు రాలేదు. నేను కోతలు కోస్తాను, అది నా హక్కు. నా డబ్బా మాత్రం కోతలు కోయడానికి వీల్లేదు. ఆలోచిస్తే కారణం దొరికింది. జూమ్ మోటారు తిరిగినప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం తూలి మళ్లీ నిలబడుతోంది. ఆ తూలుకే ఇది గగ్గోలు పెడుతోంది. ఒక కెపాసిటర్ చేర్చాను. నీళ్ల తొట్టి లాంటిదది. క్షణంపాటు పైపులో ధార సన్నబడితే తొట్టి సర్దుతుంది, నిజంగా నీళ్లాగిపోతేనే ఎండుతుంది. ఆ తర్వాత నేను జూమ్ ఎంత నొక్కినా డబ్బా నోరు విప్పలేదు.

ఇక గీత గీయడం మిగిలింది. కెమెరా ఆగిపోయేదాకా నడపడం, మళ్లీ చార్జి చేయడం, స్క్రూను వెంట్రుకవాసి తిప్పడం, మళ్లీ నడపడం. మూడు మధ్యాహ్నాలు గడిచాక లెక్క కుదిరింది. డబ్బా అరిచిన అయిదో నిమిషానికి కెమెరా పడుకుంటోంది. బ్యాటరీ మార్చుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

శుక్రవారం సైటులో బ్లాస్టింగ్ మేస్త్రీ నా కెమెరా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. రాయిని అరచేత్తో తట్టి ఎక్కడ పగులుతుందో చెప్పగల పెద్ద పనివాడు.

"ఏంది తమ్మీ గిది? కెమెరాకు సబ్బు డబ్బ కట్టినవ్. తానం చేపిస్తవా?"

"బ్యాటరీ అయిపోవస్తే ఒర్రుతదన్నా."

"ఈడ గిన్ని రాళ్లుండంగ నువ్వొక కీచురాయి తెచ్చినవా ఇగ!"

జనాన్ని పంపించారు. జెండాలు పాతారు. నేను తీస్తూనే ఉన్నాను. విజిల్ వేయబోతుండగా పొదల్లోంచి బర్రెలు దిగాయి. ఏడు బర్రెలు. ఇది నిజంగా ఏడే. ఎర్రజెండా ఊపితే అవి దాని దగ్గరికే వచ్చి నిలబడ్డాయి. వాటిని తోలేసరికి చాలాసేపు పట్టింది. షాటు ఆపకూడదు కనక నేను బర్రెల్నీ తీశాను. చివరికి విజిల్ పడింది. మేస్త్రీ అగ్గిపెట్టె తీశాడు.

'కీ... కీ... కీ...'

"ఆగన్నా!" అని అరిచాను. "సార్, బ్యాటరీ మార్చాలి!"

ఇంజినీరు వచ్చాడు. ఇప్పుడు ఆపితే షాటు తెగుతుంది, జెండాల దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాలి.

"ఇదీ చిరుతపులేనాండి?"

"నా మాట నమ్మొద్దు సార్. డబ్బా మాట నమ్మండి."

ఆయన తటపటాయించాడు. మేస్త్రీ అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకున్నాడు.

"సారూ, అంటించేది నేను. ఈ రాయి ఏడికి పోతది? తమ్మీ, జల్ది మార్చు."

నేను మారుస్తుంటే ఇంజినీరు పాత బ్యాటరీ కోసం చెయ్యి చాచాడు. "ఇది నా దగ్గరుంటుంది. పని అయ్యాక పెట్టి చూస్తాను. ఎంతసేపు నడుస్తుంది?"

అక్కడ చిక్కొచ్చింది. అరిచాక ఒక నిమిషం అప్పుడే గడిచింది కనక నా లెక్క ప్రకారం ఇంకా నాలుగు నిమిషాలు. కానీ అలసిన బ్యాటరీకి విశ్రాంతి దొరికితే కాస్త తేరుకుంటుంది.

"ఆరు," అన్నాను. "ఏడు దాటదు సార్."

మళ్లీ జెండాలు. మళ్లీ విజిల్. మేస్త్రీ అంటించి పరుగెత్తుకొచ్చాడు. కంటి ముందు వెలుగు అలాగే ఉంది. మూడు ఏనుగులంత బండ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచి, ముక్కలై, దుమ్ములో కూర్చుంది. మొత్తం నా టేపులో ఉంది.

దుమ్ము సర్దుకున్నాక ఇంజినీరు తన చేత్తోనే పాత బ్యాటరీ పెట్టాడు. చేతి గడియారం విప్పి ఎదురుగా పెట్టుకున్నాడు. పనివాళ్లంతా చుట్టూ చేరారు. రెండో నిమిషంలో డబ్బా అరిచింది. నాలుగయింది, అయిదయింది. నాకు చెమటలు. ఆరయింది. కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది. అప్పుడు 'టక్' మని ఆగింది.

"ఆరు నిమిషాల ఇరవై సెకన్లండి," అన్నాడాయన, గడియారం మీంచి కళ్లు తీయకుండా. నేను ఎప్పుడు చెప్పినా సరిగ్గా ఆరనే చెప్తాను. ఆ ఇరవై సెకన్లు ఇవాళ మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

మేస్త్రీ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. రాళ్లు కొట్టే చెయ్యి అది, రెండు రోజులు మంట ఉంది. ఆ రెండు రోజులూ చొక్కా మార్చినప్పుడల్లా ఎంత గర్వంగా ఉండేదో!

సోమవారం సైటుకు వెళ్తే షెడ్డు గోడకున్న నల్లబోర్డు మీద ఇంజినీరు చేతిరాత కనిపించింది. పేల్చేముందు చూసుకోవలసినవి: జనం, జెండాలు, విజిల్. వాటి కింద ఇంకా పొడి రాలుతున్న సుద్దతో కొత్త మాట ఒకటి రాసి ఉంది, 'కెమెరా బజరు'. కింద నిలబడ్డ కుర్ర సూపర్‌వైజరు అదేంటని అడిగితే, "ఆయన్ని అడగండి, ఆయన చెప్తారు," అన్నాడు ఇంజినీరు నావైపు చూపించి, "నమ్మొచ్చండి."

బొంబాయివాళ్లకు అక్కర్లేకపోయినా, ఆ బోర్డును అరనిమిషం తీశాను. జూమ్ చేసి మరీ తీశాను.