మొదటి వరస మా మామ్మదే

మా మామ్మ పేరు వీరవేణి. మా పాలెం వచ్చి ఆ పేరు చెబితే ఎవరూ ఇల్లు చూపించరు. "మొదటి వరసావిడ" అంటే చంటిపిల్లలు కూడా చూపిస్తారు.

ముందు ఆ వరస సంగతి చెప్పాలి. మా ఆడవాళ్ళు నెత్తళ్ళనే చిన్న చేపలు ఆరబెట్టుకునే ఇసకకి పట్టాలు లేవు, గట్లు లేవు. అయినా ఎవరి చోటు వాళ్ళది. నీళ్ళ పక్కన మొదటి వరస, దాని వెనక రెండోది, అలా ఊరిదాకా ఉండేవి. అత్త చోటు కోడలికి వస్తుంది. పడవ రాగానే చేప ముందు అందేది మొదటి వరసకే, గాలి ముందు తగిలేదీ దానికే. మామ్మకి ఆ చోటు వాళ్ళ అత్తగారిచ్చింది. ఆవిడ బంగారం ఏమైనా ఇచ్చిందో లేదో మామ్మ ఎప్పుడూ చెప్పలేదు. చోటు గురించి మాత్రం రోజూ చెబుతుంది.

చిక్కంతా సముద్రంతో వచ్చింది. ఏటా కాస్త ముందుకు జరుగుతోంది. మామ్మ కాపురం చేసిన రెండిళ్ళు ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి. ఎవరైనా జాలిపడితే, "చేపలకి అద్దెకిచ్చానమ్మా, ఒక్కటీ అద్దె కట్టదు" అంటుంది. భూమి వేడెక్కిపోయి సముద్రం పొంగుతోందని టీవీలో విని మామ్మకి చెప్పాను.

"ఎవరు వేడెక్కించారే?" అంది. "నేను పూటకోసారే పొయ్యి వెలిగిస్తాను."

కిందటి తుఫానుకి ఆవిడ ఆరబెట్టే చోటు కూడా పోయింది. ఏడుస్తుందేమోనని పక్కనే నిలబడ్డాను. ఏడవలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని వెనక్కి నడిచి, రెండో వరసలో సాయిదుర్గమ్మ చోట్లో తన వల పరిచేసింది.

సాయిదుర్గమ్మ మామ్మకంటే చిన్నది, గొంతు మాత్రం పెద్దది.

"వదినా! కళ్ళు కనపడట్లేదా? అది నా చోటు."

"మొదటి వరస అంటే ఏంటి? నీళ్ళ పక్కది. నీళ్ళెక్కడుంటే నేనక్కడ."

"అలాగా! రేపు నీళ్ళు నా వంటింట్లోకొస్తే అక్కడ కూడా ఆరబెడతావా?"

"ఊడ్చి ఉంచు, చూద్దాం."

తగువు పెద్దమనిషి పెద్దిరాజు గారి దగ్గరకి వెళ్ళింది. వరస మనిషిదా, చోటుదా అన్నది ఆయన తేల్చాలి. ఆయన ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూసి, "రేపు చెబుతానండి" అన్నారు. మర్నాడు తెల్లారకుండానే వేటకి వెళ్ళిపోయారు. అంత పొద్దున్నే వేటకెళ్ళడం ఆ ఏడాదిలో ఆయనకదే మొదలు.

ఈ గొడవకి విసుగెత్తింది మా నాన్న త్రిమూర్తులికి.

"అమ్మా, ఇసకే లేకపోతే ఇంకేం ఆరబెడతావు? మానెయ్యి. లోపల గవర్నమెంటు కాలనీలో మనకి ఇల్లిచ్చారు కదా, అక్కడికి పోదాం. ఈ ఏడు సరుకు ఎండితే సరే, లేకపోతే సామాను సర్దు."

"అక్కడ నేనేం చేస్తాను?"

"కూర్చుంటావు."

మామ్మకి కూర్చోవడం రాదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. ఆ రోజంతా ఎవరినీ తిట్టలేదు. నాకు భయం వేసింది.

వారం తిరక్కుండా సాయిదుర్గమ్మ తనంతట తనే చోటు వదిలేసి వెళ్ళింది. మామ్మ గెలిచానని పాలెమంతా చెప్పుకొచ్చింది. నిజానికి పోటు వచ్చినప్పుడల్లా ఆ ఇసక తడుస్తోంది. సాయిదుర్గమ్మ, ఊళ్ళోకి నీళ్ళు రాకుండా పోసిన రాళ్ళగట్టు పక్కన మిగిలిన ఇరుకులో సరుగుడు కర్రలు నాటి, నడుమెత్తున పాత వల బిగించి, దాని మీద నెత్తళ్ళు పోసింది. కూతురి అత్తవారి ఊళ్ళో అలా చేస్తారట.

మామ్మ పనిగట్టుకుని చూడడానికి వెళ్ళింది. "చేప ఎండాలంటే ఇసక వేడి తగలాలి. గాల్లో వేలాడదీస్తే అది చేపా, తోరణమా?"

"నీ చేప నువ్వు చూసుకో వదినా."

మాఘమాసంలో మామ్మ సరుకు బాగా పోసింది. ఆకాశం కేసి చూసి, "నాలుగు రోజులు చుక్క పడదు" అని తేల్చింది. నేను ఫోన్లో చూశాను. ఫోనూ అదే మాట చెప్పింది. మధ్యాహ్నానికి వాన దంచేసింది. ఆ ఒక్క రోజు మామ్మా, ఫోనూ సమానంగా పరువు పోగొట్టుకున్నారు.

సాయిదుర్గమ్మ తన వల మీద బరకం కప్పి, నాలుగు మూలలూ కట్టేసి, ఇంటికెళ్ళి కాఫీ తాగింది. మామ్మా, నేనూ దోసిళ్ళతో ఎత్తేలోపే సగం నెత్తళ్ళు నీళ్ళతోపాటు సముద్రంలోకి వెళ్ళిపోయాయి. మిగిలిన సగం ఇసకలో కలిసి ముద్దయ్యాయి. మామ్మ తడిసిన కొంగు పిండుకుంటూ, "వెళ్ళండి, మీ అమ్మ దగ్గరకే వెళ్ళండి" అంది వాటితో. నవ్వబోయాను కానీ ఆవిడ ఆ ముద్దల్లోంచి ఒక్కో చేపా ఏరి కొంగులో వేసుకుంటోంది. నాన్న అటక మీంచి ట్రంకుపెట్టె దించాడు.

మర్నాడు ఎండ కాసింది. మామ్మ ఇంట్లో లేదు. వెతుక్కుంటూ వెళితే సాయిదుర్గమ్మ కర్రల పందిరి దగ్గర దొరికింది. సాయం అడగడం చేతకాక, ఆవిడ పనిలో తప్పులు వెతుకుతోంది.

"ఈ కర్ర వంకర. ఈ ముడి వదులు. ఇంత ఎత్తు కర్రలు పెట్టి ఒక్క వలే కట్టావేంటే? పైన ఇంకోటి పడుతుంది కదా?"

"పడుతుంది. ఎవరి చేప పోద్దామంటావు?"

మామ్మ సముద్రం కేసి చూసింది. "పైది నేను తీసుకుంటాను. గాలి ముందు తగిలేది పైనే కదా. అదే మొదటి వరస."

సాయిదుర్గమ్మ నడుం పట్టుకుని మరీ నవ్వింది. "తీసుకో వదినా. నీ దాని కింద రెండో వరస నాది. నీ చేప నీళ్ళు నా చేప మీద పడ్డాయంటే మాత్రం ఊరుకోను."

"పడితే రుచొస్తుంది."

పై వల మామ్మకి అందదు. టబ్బు బోర్లించి ఎక్కింది. అప్పటికీ అందకపోతే, మునివేళ్ళ మీద లేచి నా తల పట్టుకుని ఆ పూట పడవలో వచ్చిన సరుకు పరిచింది. మూడెండలు తిరిగేసరికి నెత్తళ్ళు తెల్లగా, గలగలమంటూ ఎండాయి. నాన్న ఒకటి కొరికి, ఇసక తగలకపోయేసరికి ఇంకోటి కొరికి, పెట్టె మళ్ళీ అటకెక్కించాడు. మామ్మ మాత్రం ఇసక లేని చేప చప్పగా ఉందని ఇప్పటికీ అంటుంది. కానీ ఇసకలో పోయదు.

నిన్న పోటు రాళ్ళగట్టు దాకా వచ్చింది. మామ్మ కర్రలు కదిపి చూసింది.

"ఇవి పీక్కుని వేరే చోటికి మోసుకుపోవచ్చునా?"

"పోవచ్చు వదినా."

"అయితే రానియ్యి."

అంతటితో ఊరుకోకుండా, ఎంత బరువుందో చూస్తానని ఒక మూల పైకెత్తింది. పై వలా, కింది వలా కలిసి వాలిపోయాయి. ఎవరి చేపలు ఎవరివో తెలియకుండా కలిసిపోయాయి. పొద్దు వాలేదాకా ఇద్దరూ తిట్టుకుంటూ ఏరుతూనే ఉన్నారు. పెద్ద నెత్తళ్ళన్నీ తనవేనంది మామ్మ.