నీరటి తాత కర్ర నాటిన చోటు

మా ఇల్లు చెరువులో ఉంది. ఈ మాట నేనుగా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. చూడటానికి ఇల్లు పొడిగానే ఉంటుంది. ముందుగదిలో అమ్మ కుట్టుమిషన్, గోడకు కరెంటు మీటరు. కానీ చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎంతవరకు రావాలో, ఆ హద్దుకు లోపలే నాన్న ప్లాటు కొన్నాడు. అలాంటి నేలను మా వైపు శిఖం భూమి అంటారు. అమ్మినవాడు చెప్పలేదు. నాన్నకు తెలిసేనాటికి స్లాబు వేయడం కూడా అయిపోయింది. నాన్న పోయాక అమ్మకూ నాకూ ఆ ఇల్లు తప్ప వేరే ఆధారం లేదు.

డిగ్రీ అయ్యాక మా ఎమ్మెల్యే గారి ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసే పనికి చేరాను. సారు అంతకుముందు హనుమకొండ కోర్టులో వకీలు. చెరువుల కేసులు, క్రషర్ల దుమ్ము కేసులు వాదిస్తూ వాదిస్తూ రాజకీయాల్లోకి వచ్చారు. నలుగురి ముందు నాకు గొంతు పెగలదు. అది గమనించి, జనం వచ్చే ముందుగదిలో కాకుండా చట్టాల పుస్తకాలుండే వెనకగదిలో నాకు కుర్చీ వేయించారు. పని లేనప్పుడు నేను ఆ పుస్తకాలే కథల్లా చదివేదాన్ని. ఒకరోజు చూసి, “ఏం బిడ్డా, నా సీటుకే ఎసరు పెడుతున్నవా?” అని నవ్వారు.

చెరువుల హద్దులకు గట్టి చట్టం తేవాలని ఆయన సొంతంగా ఒక బిల్లు రాసుకున్నారు. దానికి జోడించే హద్దుల జాబితా కోసం మ్యాపులను మాత్రమే నమ్మేవారు కాదు. ప్రతి చెరువు చుట్టూ అక్కడి నీరటితో నడిచేవారు. నీరటి అంటే తూము ఎత్తి పొలాలకు నీళ్లు వదిలే మనిషి. నిండిన ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అతను గుర్తు చేసుకుని కర్ర నాటితే, నేను ఆ చోటు నోటుబుక్కులో రాయాలి.

మా చెరువు వంతు వచ్చింది. నీరటి తాత ముసలివాడే గాని నోరు మాత్రం పడుచుది.

“సారూ, మీ బూట్లకు బురద అంటుతాంది. అసెంబ్లీల కార్పెట్ ఖరాబైతది.”

“కానియ్ తాతా. గా కార్పెట్‌కు గింత చెరువు వాసనన్న తెల్వాలె.”

ఇంతలో సారుకు ఫోన్ వచ్చి కట్ట మీదే ఆగిపోయారు. తాత నన్ను తీసుకుని మా కాలనీలోకి నడిచాడు. అక్కడ మా ఇల్లుందని అతనికి తెలియదు. మా గేటు దాటి, ఇంకా ముందుకు పోయి, కిరాణా కొట్టు మూలన కర్ర నాటాడు.

“చెరువు నిండి మత్తడి దుంకిన ఏడు నీళ్లు గీడిదాక వచ్చినయ్. నేను ఈడనే చేపలు పట్టిన. రాస్కో బిడ్డా.”

వెనక మా కిటికీలోంచి కుట్టుమిషన్ చప్పుడు వినబడుతోంది. నేను రెండు వీధులు ఇవతల, మా ఇంటికన్నా ముందే చెరువు వైపున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను హద్దుగా రాశాను.

“రాసినవా?”

“రాసిన తాతా.”

అతనికి చదువు రాదు. సాయంత్రం సారు ఆ పేజీ కింద సంతకం పెట్టారు. నా రాత మీద ఆయనకు అంత నమ్మకం. ఆ రోజు డైరీలో, చెరువు దగ్గర కొంగలు కనిపించాయని మాత్రం రాసుకున్నాను.

అసెంబ్లీలో సారు బిల్లు పెట్టిన రోజు ఆఫీసులో అందరం టీవీ ముందు కూర్చున్నాం. ప్రతి హద్దూ నీరటులతో నడిచి రాసిందని, ఒక్కటి తప్పని తేలినా బిల్లు వెనక్కి తీసుకుంటానని ఆయన మాట ఇచ్చారు. అవతలి పక్క నుంచి ఒకాయన పాత మ్యాపు పట్టుకుని లేచాడు.

“మీ సొంత చెరువుల రెండు వీధులు గట్టెక్కినయ్ గదా! ఓట్లు బాగున్నయా ఆడ?”

సభంతా నవ్వింది. సారు నవ్వలేదు.

మర్నాడు ఆయన ఒంటరిగా తాతను వెంటబెట్టుకుని మా కాలనీకి వచ్చారట. నేను ఆఫీసులో ఉన్నాను. రాత్రి అమ్మే చెప్పింది: “మీ సారు మన ఇంటికొచ్చిండే! చాయ్ పోసిన, మొత్తం తాగిండు. మంచి మనిషి.” నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. అన్న మాట ప్రకారం బిల్లు వెనక్కి తీసుకున్నారు. తాత సరిగ్గానే చూపించాడని, అక్కడ తాను నడవకుండా సంతకం పెట్టడమే తప్పని విలేకరులకు చెప్పారు. తప్పు రాసిందెవరో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీని జనం తాతతో నింపారు. కిరాణా కొట్టు దగ్గర నేను ఉప్పు ప్యాకెట్ పట్టుకుని నిలబడి ఉండగానే, “ఏం తాతా, కర్ర జరుపుతందుకు ఏం పెట్టిండ్రు? మందా, మటనా?” అని ఎవరో అన్నారు. “నా పోరగాండ్ల మీద ఒట్టు, నేను జరపలే” అని తాత అందరి మొహాలూ చూశాడు. నా మొహం కూడా చూశాడు. నేను తల దించుకున్నాను. కొన్నాళ్లకు తూము తాళంచెవి ఇంకొకరికి ఇచ్చారు. తాత మా వీధికి రావడం మానేశాడు.

తర్వాతి ఎన్నికల్లో సారుకు టికెట్ రాలేదు. ఆ బిల్లును మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆఫీసు ఖాళీ చేసిన రోజు పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దింది నేనే. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

సారు చనిపోయి ఏడాది కావస్తోంది. తాత ఇంకా కట్ట కింద గుడిసెలోనే ఉన్నాడు. రెండుసార్లు కట్టదాకా వెళ్లాను. దూరం నుంచి అతని దగ్గు వినబడింది. వెనక్కి తిరిగి వచ్చాను. చెబితే తాళంచెవి తిరిగి వస్తుందో లేదో తెలియదు. మా ఇంటి సంగతి మాత్రం ఊరందరికీ తెలుస్తుంది. అమ్మ ముఖం గుర్తొచ్చి కాళ్లు ఆగిపోతాయి.

సారును చివరిసారి చూసింది దవాఖానలో. చెప్పేద్దామనే వెళ్లాను. మనిషి మంచంలో సగమైపోయారు. “సార్, ఆ చెరువు హద్దు...” అని మొదలుపెట్టానో లేదో, సూది గుచ్చి ఉన్న చేయి కొంచెం పైకెత్తి ఆపారు.

“నాకెందుకు బిడ్డా, నాకు ఎరుకే. ఆ తాతకు చెప్పు. జర పొద్దుండంగనే పో, ఆయన కండ్లకు చీకట్ల మనిషి ఆనడు.”