దించమన్న మాట

రేపల్లె నుంచి పొద్దుటి పాసింజరులో వచ్చిన పెద్దమనిషి మా తెనాలి ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడి, "మీ మేనత్త పోయారమ్మా, తెల్లారుజామున" అన్నాడు. ఆయనది అత్తయ్య ఎదురిల్లు. మంచినీళ్లు ఇవ్వబోతే వద్దన్నాడు. గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగి, "ఎవరూ దించాల్సిన పని పడలేదు లెండి" అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మంచం మీద ప్రాణం పోకూడదని మా వైపు నమ్మకం. మనిషి ఇక దక్కడనుకున్నప్పుడు మంచం మీంచి దించి, నేల మీద చాప పరిచి పడుకోబెడతారు. దించాక మందులుండవు, పాలుండవు, గొంతు తడపడానికి తులసి నీళ్లే. దించినవాళ్లని మళ్లీ మంచం ఎక్కిస్తే ఇంటికి అరిష్టం. అందుకని "దించండి" అనడానికి ఇంట్లోవాళ్లకి నోరు రాదు. కొడుకు అనలేడు. కోడలు అంటే ఊరుకోరు. అలాంటప్పుడు రేపల్లె చుట్టుపక్కల మా అత్తయ్యకి కబురు పెట్టేవాళ్లు.

తన అత్తమామలిద్దరికీ ఆఖరి రోజుల్లో తనే చేసింది. అక్కడ నేర్చుకుందేమో. వెళ్లి అరికాళ్లు ముట్టుకునేది, మోకాళ్ల దాకా చేత్తో తడిమి చూసేది, ఊపిరి ఎలా ఆడుతోందో కాసేపు వినేది. తరవాత "దించండి" అనేది, లేకపోతే "ఇంకా లేదు" అనేది. వచ్చేటప్పుడు "వెళ్లొస్తాను" అనేది కాదు. జబ్బు మనిషి ఉన్న ఇంటికి మళ్లీ వస్తానని చెప్పడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. కొంగుతో చేతులు తుడుచుకుని ఊరికే నడిచి వచ్చేసేది.

చిన్నప్పుడు మేం ఆవిడంటే హడలిపోయేవాళ్లం. అత్తయ్య రిక్షా మా ఇంటి ముందు ఆగిందంటే చాలు, మధ్యాహ్నం నిద్రలో ఉన్నవాళ్లం కూడా మంచాల మీంచి దూకేవాళ్లం. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయేది. అత్తయ్య కూడా నవ్వి, పొట్లం విప్పి జీళ్లు పెట్టేది. నేను మాత్రం ఆ వేళ్లు తగలకుండా తీసుకునేదాన్ని.

ఆవిడ ఒకసారి పొరబడింది. పెనుమూడిలో ఒక రైతు తల్లి జ్వరంతో మూలుగుతోందని పిలిచారు. చలికాలం. అత్తయ్య చూసి దించమంది, దించారు. మర్నాడు ఆ ముసలావిడ కళ్లు తెరిచి, "నన్నెందుకిక్కడ పడేశార్రా?" అని అడిగింది. జ్వరం దిగిపోయింది. కానీ మంచం ఎక్కించడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. కృష్ణ మీంచి వచ్చే చలిగాలికి ఆ గచ్చు మీదే ఉంచారు. ఛాతీలో నెమ్ము చేరింది, ఆ నెల్లోనే పోయింది. అత్తయ్యని ఎవరూ ఒక్క మాట అనలేదు. "ఏదో, అటూ ఇటూ అంతేగదండి" అన్నారట. ఆ మాటకే ఆవిడ కుంగిపోయింది.

ఆ తరవాత కొన్నాళ్లకి మామయ్య మంచాన పడ్డాడు. ఆయన రేపల్లెలో స్కూలు మేష్టారు. కడుపులో రాచపుండు. పెద్దాసుపత్రి వాళ్లు కోసి చూసి, కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నాకు కాలేజీ సెలవులు కావడంతో నాన్నతో పాటు వెళ్లి అక్కడే ఉన్నాను. నొప్పి వచ్చినప్పుడు అరుపు వీధిలోకి వినపడకుండా మామయ్య దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేవాడు. ఆ అంచు పీలికలైపోయింది.

ఒకరోజు డాక్టరు గారి చెయ్యి పట్టుకుని అడిగాడు. "ఆ సూది మందేదో కాస్త ఎక్కువ ఎక్కించండి. మీకు పుణ్యం ఉంటుంది."

"అది చేస్తే నన్ను జైల్లో పెడతారు మేష్టారూ. పెట్టకపోయినా నేను చెయ్యలేనండి" అన్నాడాయన. తల ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి మామయ్య అత్తయ్యని అడగడం మొదలుపెట్టాడు. "ఏమే, నన్ను దించు."

"ఇంకా టైము రాలేదండి."

"పెనుమూడి ముసలమ్మకి వచ్చిందా?"

ఆ మాటతో అత్తయ్య గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఊళ్లో అందరికీ చెప్పే మనిషి తన ఇంట్లో చెప్పలేకపోయింది. పొద్దున అడిగేవాడు, పాలు పట్టబోతే అడిగేవాడు, సాయంత్రం రేడియోలో వార్తలయ్యాక మళ్లీ అడిగేవాడు. దించితే మొగుణ్ణి చంపుకుందంటారు. దించకపోతే దుప్పటి పీలికలు. ఆ ఇంట్లో తిరగాలంటేనే నాకు భయం వేసేది.

ఒక మధ్యాహ్నం అత్తయ్య గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి తుడిచింది. చాప పరిచింది. నాన్నని పిలిచి, "దించరా" అంది.

నాన్న తెల్లబోయాడు. "అదేంటక్కా! బావ మాట్లాడుతున్నాడు గదే!"

"మాట్లాడుతున్నాడు గనకే. మాట పోయాక అడగలేడు గదరా."

దించారు. భుజాల కింద నాన్న చేతులు, కాళ్ల దగ్గర నావి. మామయ్య కళ్లు మూసుకుని, "హమ్మయ్య" అన్నాడు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

బాపట్ల నుంచి ఆయన తమ్ముళ్లు వచ్చేసరికి మామయ్య తెలివిగానే ఉన్నాడు. అంతటితో ఊరుకోలేదు, కాఫీ అడిగాడు. అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్లింది. కాఫీ కలిపి తెచ్చి, చెంచాతో పట్టడం మొదలుపెట్టింది.

"ఇదేం పని వదినా! దించిన మనిషికి కాఫీ ఏంటి? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు పెద్ద తమ్ముడు.

"దించమన్నదీ మీ అన్నయ్యే, కాఫీ అడిగిందీ మీ అన్నయ్యే. రెండూ ఆయన మాటే" అంది అత్తయ్య, చెంచా ఆపకుండా. "మళ్లీ మంచం ఎక్కించమంటే అదీ చేస్తాను. అరిష్టం నాకు రానివ్వండి."

మామయ్య ఆ మాట అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

ఊరు ఊరుకుంటుందా? ముందే దించేసిందన్నారు, కాఫీలో ఏదో కలిపిందని కూడా అన్నారు. వంటింట్లో నేను పక్కనే ఉన్నాను, ఆవిడ ఏమీ కలపలేదు. పిలుపులు మాత్రం ఆగలేదు, పిలిచేవాళ్లు మారారు. ఇంతకుముందు ఇంట్లోవాళ్లు కబురు పెట్టేవాళ్లు. ఇప్పుడు రోగులే పిలిపించుకోసాగారు. రేపల్లెలో ఏ రిక్షా తన వాకిట్లో ఆగినా అత్తయ్య ముఖం పాలిపోయేది.

బాపట్ల నుంచి ఒకాయన వచ్చి, "మా అమ్మ దించమని అడుగుతోందండి" అన్నాడు. అత్తయ్యకి తోడుగా నేనూ వెళ్లాను. అందరినీ బయటికి పంపి తలుపు వేసి, "మీరే అడిగారా పిన్నిగారూ?" అంది. ఆ ముసలావిడ తలుపు వంక చూసి, గొంతు తగ్గించి, "అడగమన్నారమ్మా" అంది. అత్తయ్య బయటికి వచ్చి "ఇంకా లేదు" అంది. వెళ్లిపోలేదు. ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లోనే, ఆ మంచం పక్కనే ఉండిపోయింది.

నయం కాని జబ్బుతో తీసుకుంటున్న మనిషికి "ఇక చాలు" అనే హక్కుందా? ఉందంటే బాపట్ల ముసలావిడ తలుపు వంక చూసిన చూపు గుర్తొస్తుంది. లేదంటే మామయ్య దుప్పటి గుర్తొస్తుంది. అత్తయ్యని అడిగితే, "నన్నడక్కు. పడుకున్నవాళ్లని అడుగు. ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు" అంది. అంతకంటే తెలివైన మాట నేను ఇంతవరకూ వినలేదు. జీళ్లు తీసుకునేటప్పుడు తప్పించుకున్న ఆ చేతుల్ని తరవాత చాలాసార్లు నా చేతుల్లోకి తీసుకున్నాను. వెచ్చగా ఉండేవి.

మామయ్య పోయాక అత్తయ్య మళ్లీ మంచం ఎక్కలేదు. ఎండాకాలం, వానాకాలం, ఆయాసం వచ్చినా సరే, కింద చాప మీదే. ఎందుకత్తయ్యా అంటే చెప్పింది. "నా కోసం ఆ మాట ఎవరి నోటా రాకూడదే. మీ నాన్న అన్నా, నువ్వన్నా, ఇక జన్మలో మీకు అన్నం సయించదు."

మేం రేపల్లె చేరేసరికి ఆవిడ ఆ చాప మీదే ఉంది, ఒక పక్కకి ఒత్తిగిలి, రోజూ పడుకున్నట్టే. వచ్చినవాళ్లు కూర్చోవడానికి చోటు చాలక, నాన్న వరండాలో గోడకి నిలబెట్టి ఉన్న మామయ్య నవారు మంచాన్ని తెచ్చి వాల్చాడు. ఇన్నేళ్లూ దాని నవారు ఎవరూ బిగించలేదు. నడుం ఆనిన చోట పల్లం అలాగే ఉంది. జనం గుమ్మాల్లో నిలబడ్డారు, అరుగు మీద ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు, కొందరు మట్టిలోనే చతికిలబడ్డారు. ఆ మంచం మీద మాత్రం సాయంత్రం దాకా ఎవరూ కూర్చోలేదు.