బతికుండగా దొరికిన నా సమాధి

రాసినవాడి పేరు రాసినదానికంటే పెద్ద అక్షరాలతో అచ్చవుతున్న ఈ కాలంలో, ఒక పాట రాసి, అది తనదేనని ఒప్పించలేక, చివరకు తన సమాధి ముందు తానే కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ యువకుడొకడు పాలమూరు సీమలో ఉండేవాడంటే ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే మానండి. ఆ యువకుణ్ణి నేనే. ఆ వ్యవహారంలో నాకు అన్యాయం జరిగిందన్నది నిశ్చయం. ఎవరు చేశారన్నది మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. అందుచేత జరిగింది జరిగినట్టు, వరుస తప్పకుండా ఇక్కడ రాసిపెడుతున్నాను. (ఏనాటి సంగతి ఆనాడే రాసుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. మా ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తమంటారు. పాలవాడితో తగాదా వచ్చినప్పుడు మాత్రం నన్నే పిలుస్తారు.)

ఆ రోజుల్లో మాది రాజోలి. నాయనకు తుంగభద్ర ఒడ్డున కొంత భూమి, ఊళ్లో నలుగురిలో మాట చెల్లుబడి ఉండేవి. నన్ను గద్వాలలో చీరల వ్యాపారం చేసే మేనమామ ఇంట్లో ఉంచాడు. బడి ముగిసినవాణ్ణి దుకాణంలో కూర్చుని అంచుకూ కొంగుకూ తేడా తెలుసుకుంటానని ఆయన ఆశ. నా దురదృష్టమో, మామ దురదృష్టమో, దుకాణానికి ఎదురుగా ఒక మేడగదిలో చదువుకున్నవాళ్లు కొందరు పుస్తకాలు పోగుచేసి పెట్టారు. చీరలు మడతపెట్టవలసిన వేళల్లో నేను అక్కడ పుటలు తిప్పుతుండేవాణ్ణి. ఒక పుస్తకం చదివితే కవిని కావాలనిపించేది. ఇంకొకటి చదివితే ఇల్లు విడిచి కొండల్లోకి పోవాలనిపించేది. మూడోది చదివేసరికి మొదటి రెండూ తప్పేమోననిపించేది. ఇన్ని పుస్తకాలు ఇన్ని విధాలుగా చెబుతుంటే, వీటిని రాసినవాళ్లందరికీ ఇంత నిశ్చయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతుపట్టేది కాదు.

ఆ గందరగోళంలో నాకున్న ఏకైక ఆధారం బుల్‌బుల్. వాడు గాజులమ్మే సాయిబుగారి కొడుకు, నా ఈడువాడు. గొంతు బాగుంటుందని గద్వాలంతా ఆ పేరుతోనే పిలిచేది. పీర్ల పండుగకు పాడేవాడు, శనివారం భజనలో పాడేవాడు, గాజులు తొడిగేటప్పుడు ఆడవాళ్ల చేతులు నొప్పెట్టకుండా ఏదో కూనిరాగం తీసేవాడు. నాకు రాగాల పేర్లు తెలియవు, వాడికీ తెలియవు. అయినా నేను రాసిన పంక్తిని వాడు ఒకసారి పాడితే, అందులో నేను చెప్పదలచుకున్నదేమిటో నాకు మొదటిసారి బోధపడేది. ఇది నాకు కొంత అవమానంగానే ఉండేది. నా పంక్తి అర్థం నాకంటే ముందు వాడి గొంతుకు ఎలా తెలిసిందో ఆలోచించి ఆలోచించి ఒక వేసవంతా నిద్ర పాడుచేసుకున్నాను.

ఆ వేసవిలోనే ఇంటికి పోయినప్పుడు రాజోలిలో, ఏటి ఒడ్డున ఒక నల్లరాతి మీద కూర్చుని ఒక పాట రాశాను.

ఏరు నాది కాదు, ఏటి నీరు నాది కాదు,
దోసిట నిలిచినంత దొరవు నీవె, నా సామీ.

ఇలా సాగి, చివరి చరణంలో ముద్ర. పాట కట్టినవాడు ఆఖరున తన పేరు పెట్టుకోవాలని పుస్తకాల్లో చదివాను గనుక నేనూ పెట్టుకున్నాను. బుల్‌బుల్ విని పెదవి విరిచాడు.

"నీ పేరు మస్తు పొట్టిగుందిర. గుంజి పాడనీకె రాదు. ఏటి ఒడ్డున కూసొని రాస్తివి గద, తుంగతీర దాసుడని పెట్టు."

"నేను దాసుణ్ణెట్లయితర?"

"పాటల అయితే అయితవు తియ్యి. ఇంట్ల ఎవడన్న అడుగుతడా?"

సంగీతం విషయంలో వాడి మాటకు ఎదురు చెప్పే అర్హత నాకు లేదనుకుని అట్లాగే మార్చాను. "తుంగతీర దాసుడు తలవంచి పలికె" అని ముగించాను. ఆ ముగింపే నన్ను ముంచింది.

ఇంతలో నా దుకాణం సేవ గురించి మామ నాయనకు కబురు పెట్టాడు. నాయన గద్వాల వచ్చి గుమ్మంలోనే అడిగాడు.

"ఏందిర, పాటలు గడ్తవంట?"

"కవిని నాయనా."

"ఎవలన్నరు? నువ్వన్నవు, నీ సోపతిగాడన్నడు. మీరిద్దరు గాక ఇంకొక్కడు, జర మీసమున్నోడు, నా ముంగట నిలవడి జెప్పాలె. జెప్తే ఇంకో ఏడాది చదువుకో, నేను నోరు దెరవ. లేకుంటే ఉగాది నుంచి సక్కగ మామ దుకాణంల కూసో."

షరతు న్యాయమైనదేనని అప్పుడే రాసుకున్నాను. మీసమున్నవాళ్లు లోకంలో కొదువా? కాని మేడగదిలో చదువుకునే పెద్దలు నా పాట చూసి, "బాగుంది, ఛందస్సు లేదు" అన్నారు. ఛందస్సు లేనిది ఎలా బాగుంది, బాగున్నదానికి ఛందస్సెందుకు అని నేను తికమకపడుతుండగానే ఫాల్గుణమాసం వచ్చేసింది.

అప్పుడు ఊళ్లు తిరిగి వచ్చిన బుల్‌బుల్ భుజం మీది గాజుల మలారం దించకుండానే నా మీద పడ్డాడు.

"అరె, నీ పాట వనపర్తిల పాడుతుండ్రు! పాన్‌గల్ల చేను కాడ ఆడోళ్లు పాడుతుండ్రు! నాగర్‌కర్నూల్ల ఏకాదశి భజనల మొదలు గదే పాట! గాజులు తొడుక్కుంట తొడుక్కుంటనే నేర్చుకున్నరు!"

ఇక ఆగుతానా? రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి, అక్కణ్ణుంచి బండి కట్టించుకున్నాం. వనపర్తి దాటగానే బండివాడు ఎద్దుల్ని అదిలిస్తూ నా పాటే ఎత్తుకున్నాడు. నా ఒళ్లు పులకరించింది. ముందుకు వంగి, "ఆ పాట నాదే" అన్నాను. అతడు వెనక్కైనా తిరగకుండా, "అందరిది గాదా సామీ!" అన్నాడు. అది పొగడ్తో, ఆక్షేపణో నాగర్‌కర్నూలు చేరేవరకు తేల్చుకోలేకపోయాను.

అక్కడ ఏకాదశి పొద్దున పందిరి కింద భజన సాగుతోంది. నడిపేవాణ్ణి తాళాల తాత అంటారు. ఆయన మీసాలు చూడగానే నా హృదయం నిండిపోయింది. నాయన అడిగినదానికి రెండింతలున్నాయి. నా పాట మొదలైంది, చివరి చరణం వచ్చింది. "తుంగతీర దాసుడు" అనగానే తాళాలు టక్కున ఆగాయి. అందరూ తలపాగాలు తీసి, నేలకు చేయి తాకించి కళ్లకద్దుకున్నారు. గద్వాలలో ఏ భజనలోనూ నాకింతటి గౌరవం దక్కలేదు. ఏం చేయాలో తోచక, మర్యాద కోసం లేచి నిలబడి అందరికీ తిరిగి నమస్కారం చేశాను.

పాట అయిపోయాక తాత నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఎవలకు మొక్కినవు బిడ్డా?"

"మీరు నాకు మొక్కిండ్రు గద తాతా, అందుకే."

తాత బుల్‌బుల్ వైపు చూశాడు.

"ఈ పోరనికేమన్న బాగలేదా?"

"బాగనే ఉన్నడు తాతా. పాట నిజంగ వీడే గట్టిండు."

"గట్లనకుండ్రి, కండ్లు పోతయి! బతికున్నోడు ముద్రల గురువు పేరు వెడ్తడు గని తన పేరు వెట్టుకుంటడా? తను బోయినంక శిష్యులు వెడ్తరు. దాసుని పేరుందంటె దాసుడు బోయిండన్నట్టె."

"నేను పోలే తాతా!"

"నువ్వు బోయినవని ఎవలన్నరు? దాసుడు బోయిండు."

జేబులోంచి చిత్తు కాగితం తీసి చూపించాను. ఆయన దాన్ని దూరంగా, దగ్గరగా పెట్టి చూసి, "రాత మంచిగుంది. గని దాసుని మాటల మీద గీ కొట్టివేతలేంది? పెద్దోళ్ల మాట కొట్టెయ్యొద్దు బిడ్డా" అన్నాడు. పుస్తకాలన్నీ ఒకే రకంగా చెప్పిన ఏకైక సంగతి ఈ ముద్ర సంగతే. అదే ఇక్కడ తప్పయింది! నేను బుల్‌బుల్‌ను పక్కకు లాగాను.

"నా గురించి వీళ్లకేం జెప్పినవుర?"

"అల్లా సాక్షి, అబద్ధం జెప్పలే. పాటెవరిదంటె రాజోలోనిది అన్న. ఎట్లుంటడంటె, తిండి గ్యానం ఉండదు, పిలిస్తె పలుకడు, పనిపాట జెయ్యడు, పొద్దూకెదాంక ఏటి ఒడ్డున నల్లరాయి మీద కూసుంటడని జెప్పిన. మీ నాయన నిన్ను తిట్టే తిట్లే గద!"

మా నాయన తిట్లు వనపర్తి దాటేసరికి సిద్ధపురుషుని చరిత్ర అయ్యాయి. ఇందులో ఎవరిని తప్పుపట్టాలి? అక్కడితో అయినా ఆగలేదు. నాది దాసుని ఊరే అని తెలిసి తాత కళ్లు చెమర్చాయి. "సమాధి జూడకుంట నేను సావ. మీ యెంబడి వస్త" అంటూ మూట కట్టాడు. నేను బండిలో ఒక లెక్క వేసుకున్నాను. ఎలాగైనా మీసాలు రాజోలికి వస్తున్నాయి. నాయన ఎదుట మాటలో మాటగా నిజం బయటపడకపోతుందా?

రాజోలిలో మా అరుగు మీద తాతకు కాళ్లకు నీళ్లిచ్చి నాయన ఎదురుగా కూర్చున్నాడు.

"అయ్యా, తుంగతీర దాసుని సమాధి జూడవస్తి."

నాయన ముఖంలో ఒక్క క్షణం అయోమయం కనిపించింది. మూడు ఊళ్లకు తెలిసిన మహానుభావుడు తన ఊళ్లో ఉండి తనకు తెలియకపోవడం ఆయనకు తలవంపులు. గొంతు సవరించుకున్నాడు.

"తెల్వకేంది! మా తాత ఆయన కాళ్లకు మొక్కిండు."

నేను తెగించి, "నాయనా, ఆ దాసుణ్ణి నేనే" అన్నాను.

"నోర్ముయ్! పెద్దమనిషి ముంగట గివేం మాటలు?"

"నీ తాత మొక్కింది నాకెట్లయితది నాయనా? నేను పుట్టనే లేదు గద!"

"మరి గదే నేననేది! నువ్వు పుట్టనే లేకుంటివి, నీకేం తెల్సు?"

అందరూ కలిసి ఏటికి బయలుదేరారు. నల్లరాయి బుల్‌బుల్ చూపించవలసి వచ్చింది. తాత దాని మీద పసుపు చల్లి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ నా చేతికిచ్చాడు. "నువ్వు గొట్టు బిడ్డా, పాపం బోతది" అన్నాడు. కొట్టాను. పోయే ముందు ఆయన నాయన భుజం మీద చేయి వేసి, నేను ఇన్ని కోసుల దూరం నుంచి తెచ్చుకున్న మీసాలతో, నా ఎదుటే సాక్ష్యం చెప్పాడు.

"నీ కొడుకు మంచోడే. జర దాసుని గాలి తాకింది. ఏదన్న పనిల వెట్టు, తగ్గుతది."

ఉగాది నాడు మామ దుకాణంలో కూర్చున్నాను. మెల్లగా తగ్గింది కూడా. అంచుకూ కొంగుకూ తేడా తెలిసింది, వ్యాపారం నిలబడింది. మళ్లీ పాట కట్టలేదు. నల్లరాతికి మాత్రం సున్నం కొట్టారు, పక్కన అరుగు కట్టారు, ప్రతి ఏకాదశికి భజన మొదలైంది. బుల్‌బుల్ ఏ ఊళ్లో ఉన్నా ఆ రోజుకు వచ్చి పాడేవాడు. ముద్ర దగ్గర తాళాలు ఆగినప్పుడు అందరూ నేల చూస్తుంటే, వాడు నన్ను చూసి ఒక కన్ను మూసేవాడు. లోకంలో నా రచనకు దక్కిన ఏకైక గుర్తింపు అదే.

నాయన ముసలితనంలో నా చేయి పట్టుకుని రాయి దాకా వచ్చేవాడు. ఒక ఏకాదశి నాడు ముద్ర రాగానే తలపాగా తీసి, రాయి వైపు తిరగవలసినవాడు నా వైపు తిరిగి చేతులు జోడించాడు. కంగారుపడ్డాను.

"ఎవలకు నాయనా?"

"పాడనియ్యిర" అన్నాడు.

అప్పటికి ఆయనకు చూపు సరిగా ఆనడం లేదు. రాయి ఏ వైపున ఉందో తెలియక తిరిగాడా, తెలిసే తిరిగాడా? ఆ రోజు దినచర్య పుస్తకంలో "విచారించగా తేలలేదు" అని రాసుకున్నాను. తరువాత విచారించడానికి ఆయన లేడు.

ఇప్పుడు బుల్‌బుల్ కూడా లేడు. పాట మాత్రం ఉంది. భజనకు వచ్చిన కొత్తవాళ్లకు దీని కర్తను నేనని ఇప్పటికీ పద్ధతిగా, ఆధారాలతో విన్నవిస్తుంటాను. వాళ్లు ఓపికగా విని, "సరె తాతా, దాసుని పేరొచ్చె, జర లేచి నిలవడు" అంటారు. లేస్తాను. మోకాళ్లు సహకరించవు. టోపీ తీసి, ఎదుటివాళ్లలో ఎవరైనా ఒక కన్ను మూస్తున్నారేమోనని చూస్తూ నిటారుగా నిలబడేసరికి నా పేరు దాటిపోయి ఉంటుంది.